డార్జిలింగ్ నుంచి తెచ్చిన ఫోటో

ఆదివారం పొద్దున నాతో వచ్చిన నలుగురూ చర్చికి వెళ్ళారు, నేను బజారుకు వెళ్ళాను. డార్జిలింగ్‌లో మాకు దొరికిన రెండు రోజుల్లో ఒక రోజు అట్లా గడిచింది. ఎవరైనా డార్జిలింగ్ చూశావా అని అడిగితే చూశాననే చెప్తాను. ఏం చూశావంటే మాత్రం ముందు ఆ బజారే గుర్తుకొస్తుంది, మంచుకొండ ఆ తర్వాత.

తొంభైల చివరి సంగతి. మేడ్చల్ రోడ్డు మీద ఒక మిషన్ దవాఖాన ఉండేది. నేను అందులో నర్సును. మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్యన, బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. మాది ద్రాక్షతోట ఉన్న ఇల్లు. ఆ రోజుల్లో మా వైపు కాస్త భూమి ఉన్న ప్రతి ఇంటికీ ద్రాక్షతోట ఉండేది. అట్లాంటి ఇంటి ఆడపిల్ల ఎవరి చీమూ నెత్తురో తుడిచే పనికి పోవడమేమిటని మా చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. అందులోనూ మిషన్ దవాఖాన. వాళ్ళ భయమంతా ఒకటే, నేను వాళ్ళ మతంలో కలిసిపోతానని.

మా నాయిన ఒక్కడే అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పలేదంటే ఒప్పుకున్నాడని కాదు. ఆయన దేనికీ ఔననీ కాదనీ అనే మనిషి కాదు. తువ్వాల భుజాన వేసుకొని తోటకు పోతాడు, అందులోంచి ఆయన ఉద్దేశం ఏమిటో మనమే తీసుకోవాలి. అమ్మ నా ఆరో ఏటనే పోయింది. ఇంట్లో నాయిన, ఆయన తల్లి అయిన మా అవ్వ, నేను. చుట్టాల భయం నాయినకు కూడా ఉందో లేదో నాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది. లోకం ఏమనుకున్నా ఫరవాలేదు, ఆయన ఒక్కడు నన్ను నమ్మితే చాలని నా లెక్క. అడగవచ్చు కదా అంటారు. నేనూ ఆయన కూతుర్నే, అడిగే జాతి కాదు.

దవాఖాన వాళ్ళు ఏటా ఒకసారి దూరపు ఊళ్ళకు వైద్య శిబిరం తీసుకెళ్ళేవారు. ఆ ఏడు డార్జిలింగ్ కింది లోయలో, టీ తోటల కూలీల ఊళ్ళలో కంటి శిబిరం. ఐదుగురు ఆడవాళ్ళం బయలుదేరాం. డాక్టరమ్మ, ఒక పెద్ద సిస్టర్, నా ఈడు నర్సులు ఇద్దరు, నేను. పెద్ద సిస్టర్‌ది గుంటూరు వైపు. సుచిత్ర చౌరస్తా దగ్గర కాలనీలో ఇల్లు కట్టుకొని ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఐదుగురిలో నేనొక్కదాన్నే హిందువును.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అవ్వ నా సంచిలో కారప్పొడి సీసా పెడుతూ, మీ మేనత్త నువ్వు వాళ్ళ మతంల కలిసే తిరిగొస్తవంటాంది అని చెప్పింది. నేను నాయిన ముఖం చూశాను. ఆయన వాకిట్లో నిలబడి ద్రాక్షతీగలు కత్తిరించే కత్తెరకు నూనె పెట్టుకుంటున్నాడు. విన్నాడు. తలెత్తలేదు.

మూడు వారాలు కొండల్లో పని చేశాం. బడుల్లో బల్లలు కలిపి ఆపరేషన్ గది చేసుకునేవాళ్ళం. నా పని కళ్ళలో చుక్కలు వేయడం, పట్టీలు కట్టడం, విప్పడం. ఒక ముసలామెకు పట్టీ విప్పితే ఎదుట ఉన్న కొడుకును చూడలేదు, కొండనూ చూడలేదు, ముందు తన రెండు చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆకు కోసి కోసి నల్లగా చీలిన వేళ్ళు. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఇద్దరం కాసేపు ఆ చేతులు చూస్తూ కూర్చున్నాం.

పని బాగానే ఉండేది. పని కాని వేళలే బాగుండేవి కావు. పొద్దున, సాయంత్రం వాళ్ళు నలుగురూ ఒక గదిలో కూర్చొని ప్రార్థన చేసుకునేవారు. నేను బయట సామాను ఉడకబెట్టే స్టవ్ దగ్గర కూర్చునేదాన్ని. ఎవరూ నన్ను పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. రమ్మంటే ఎక్కడ నొచ్చుకుంటానోనని వాళ్ళు, పిలవని పేరంటానికి పోవడమెందుకని నేను. లోపల నుంచి తెలుగు పాట వినిపించేది. అంత దూరాన, ఆ చలిలో, తెలుగు వినిపించే చోటు అదొక్కటే. నేను దాని గుమ్మం బయట ఉన్నాను. ఒంటరిగా ఉండేది. ఇప్పుడు తలచుకున్నా ఒంటరిగానే ఉంటుంది.

అన్నం దగ్గర మరో తంటా. వాళ్ళు కళ్ళు మూసుకొని ప్రార్థన ముగించేదాకా ముద్ద ఎత్తడం మర్యాద కాదు. కళ్ళు తెరుచుకొని కూర్చుంటే అందరి ముఖాలూ పరీక్షగా చూస్తున్నట్టుంటుంది. అందుకని నేనూ తలవంచి కళ్ళు మూసుకునేదాన్ని. లోపల దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. మామూలుగా ఇరవైకి అయిపోయేది. పెద్ద సిస్టర్ ప్రార్థన చేసిన రోజు నలభై దాటేది, పప్పు చల్లారిపోయేది.

శిబిరం ముగిశాక తిరుగు రైలుకు రెండు రోజుల వ్యవధి ఉంది. ఇంత దూరం వచ్చి డార్జిలింగ్ చూడకుండా పోతామా అని డాక్టరమ్మే బయలుదేరదీసింది. శనివారం అందరం కలిసి తిరిగాం. బొమ్మలాంటి చిన్న రైలు ఎక్కాం. అది దుకాణాల గుమ్మాలు రాసుకుంటూ పోతుంటే కిటికీలోంచి చెయ్యి చాపి ఎవరి బియ్యం బస్తానో తాకవచ్చు. అందరికీ ముక్కులు ఎర్రబడ్డాయి. పెద్ద సిస్టర్ మంకీ క్యాప్ పెట్టుకొని దిగితే చిన్న నర్సులిద్దరూ ఆమె వెనక నడుస్తూ నవ్వాపుకోలేక చచ్చారు. ఆ రోజంతా నేను కూడా నవ్వాను. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

మధ్యాహ్నం ఒక టీ తోట అంచున ఆగాం. అక్కడ కొందరు ఆడవాళ్ళు కొండ బట్టలు అద్దెకిస్తున్నారు. మన బట్టల మీదనే పావడా చుట్టి, పూసల దండలు వేసి, నుదుటి మీదుగా తలకు గుడ్డ బిగించి, వీపుకు బుట్ట తగిలించి టీ చెట్ల మధ్య నిలబెడతారు. ఫోటోగ్రాఫర్ ఫోటో తీసి మర్నాటికి కడిగి ఇస్తాడు. ఐదుగురం వేసుకున్నాం. నాకు గుడ్డ కట్టినామె చేతి బలం చూసి తల పగులుతుందనుకున్నాను. ఆమె కట్టింది, నచ్చలేదు, విప్పింది, కాస్త పైకి జరిపి మళ్ళీ కట్టింది. ఆ కట్టడం విప్పడంలో నా స్టిక్కర్ బొట్టు గుడ్డకు అంటుకొని పోయింది. నాకు తెలియదు. ఎదురుగా అద్దం లేదు. ఎవరూ చెప్పలేదు కూడా. మిగతా నలుగురికీ బొట్టు లేకపోవడం మామూలు సంగతి, వాళ్ళకు అందులో ఏం లోటు కనిపిస్తుంది? సాయంత్రం బసలో ముఖం కడుక్కుంటుంటే చూసుకున్నాను. పర్సులోంచి ఇంకొకటి తీసి పెట్టుకున్నాను. అంతటితో మరిచిపోయాను.

ఆ సాయంత్రం వాళ్ళు ఊలు బట్టల దుకాణాల మీద పడ్డారు. ఒక నర్సు, కొత్తగా పెళ్ళయింది, మొగుడికి స్వెట్టర్ కొనాలి. కొలత తెలియక దుకాణం అతన్ని నిలబెట్టి వెనక నుంచి భుజాలు కొలిచింది, ఇంతకంటే కొంచెం లావు అంది. ఇంకో నర్సు చెల్లెళ్ళ కోసం ఒకే రంగు టోపీలు మూడు దొరికేదాకా నాలుగు దుకాణాలు తిప్పింది. పెద్ద సిస్టర్ దగ్గర చీటీ ఉంది, కాలనీ వాళ్ళూ చర్చివాళ్ళూ ఎవరెవరు ఏం తెమ్మన్నారో అన్నీ రాసుకొచ్చింది. నన్ను ఎవరూ ఏమీ తెమ్మనలేదు. వాళ్ళ సంచులు పట్టుకొని నిలబడ్డాను. నీకేం వద్దా అని డాక్టరమ్మ అడిగితే, రేపు చూస్తానన్నాను.

రేపంటే ఆ ఆదివారమే. వాళ్ళు తెల్లబట్టలు కట్టుకొని, కొండ మీది పాత చర్చికి గొడుగులు పట్టుకొని పోయారు. నేను పెద్ద కూడలి దాకా నడిచాను. గుర్రాలవాళ్ళు పిల్లల్ని గుర్రాలెక్కించి తిప్పుతున్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒకరికొకరు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను, లేచాను, నడిచాను. మూడు వారాలుగా పొగమంచులో దాక్కున్న కొండ ఆ పొద్దున ఉన్నట్టుండి బయటపడింది. మబ్బు అనుకున్నదాని పైన ఇంకా ఎత్తున, తెల్లగా. ఇంత పెద్దది అక్కడే ఉండి ఇన్నాళ్ళూ కనిపించలేదా అనిపించింది. "సూడుర్రి" అని పైకే అనేశాను. పక్కన ఎవరూ లేరు. కాళ్ళ దగ్గర మేజోళ్ళు అల్లుతూ అమ్ముకునే ఒకామె తలెత్తి నా వైపు చూసింది, మళ్ళీ అల్లుకుంది. అంత అందమైనది చూసి ఏడుపు రావడం నాకు అదే మొదటిసారి. చూడమని చెప్పడానికి మనిషి లేడన్న ఏడుపే అది, భక్తి కాదు.

తర్వాత బజారు. అవ్వకు కొనడం కష్టం కాలేదు. బూడిదరంగు శాలువ, అంచు లేనిది, మెత్తనిది. నాయినకు ఏం కొనాలో తెలియలేదు. ఇత్తడి గంటలున్నాయి, ముసుగు బొమ్మలున్నాయి, తిప్పే ప్రార్థన చక్రాలున్నాయి, వంకీ కత్తులున్నాయి. వాటి మధ్య నిలబడి మా నాయినకు ఏది ఇష్టం అని నన్ను నేను అడుక్కున్నాను. ఏ రంగు ఇష్టం, తెలియదు. తీపి ఇష్టమా, తెలియదు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో బతికిన మనిషి గురించి నాకు ఖాయంగా తెలిసింది ఒకటే, పొద్దున చాయ్ పెద్ద గ్లాసుతో తాగుతాడని. చాయ్ పత్తి కొన్నాను. అంత దూరం పోయి నాయినకు చాయ్ పత్తి తెచ్చిన కూతురు అనిపించుకున్నాను.

వస్తూ ఫోటోగ్రాఫర్ దగ్గర మా ఫోటోలు తీసుకున్నాను. అందరికీ ఒక్కొక్క కాపీ. నా నుదురు ఉత్తగా ఉంది. చూసుకొని నవ్వుకున్నాను, గుర్తుపట్టలేనట్టు ఉన్నానే అని. మధ్యాహ్నం అన్నాల దగ్గర పంచిపెడితే పెద్ద సిస్టర్ అందులో తన ముఖం కంటే నా ముఖాన్ని ఎక్కువసేపు చూసింది. చూసి మెల్లిగా, మిగతావాళ్ళకు వినబడకుండా చెప్పింది.

"అమ్మాయ్, ఇది ఇంట్లో చూపించబాకు. బొట్టు లేదు, మా మధ్యన నిలబడ్డావు. మీవాళ్ళు ఇంకోరకంగా అనుకుంటారు."

నాకు కోపం వచ్చింది. మా ఇంటి గురించి ఈమెకేం తెలుసని. "మా నాయిన గసుంటోడు కాదు సిస్టర్" అన్నాను. అన్నాక, నిజంగా కాదా అని లోపల ఒక పురుగు తొలిచింది. ఫోటో చూపించి తీరాలని అప్పుడే అనుకున్నాను. చూపిస్తే ఆయన ఏదో ఒకటి అనాలి కదా. ఏమన్నా సరే, ఆయన మనసులో ఏముందో బయటపడుతుంది. అప్పటికి నా తెలివి అంత.

ఇంటికి చేరేసరికి పగటి అన్నాల వేళయింది. అవ్వ శాలువ కప్పుకొని, ఈ వయసులో నాకెందుకే అంటూనే సాయంత్రం దాకా తీయలేదు. చాయ్ పత్తిని మాత్రం బర్రెపాలలో పోసి, చక్కెర వేసి, మన పత్తిని మరిగించినట్టే మరిగించింది. రంగు రాలేదు, వాసన పోయింది. ఇది చాయ్ పత్తేనా ఎండిన వేపాకా అని అడిగింది. నాయిన గ్లాసు ఖాళీ చేసి, మంచిగనే ఉందన్నాడు. ఆ డబ్బా అయిపోయేదాకా అదే తాగాడు.

ఆ మొదటి రోజు చాయ్ తాగాకనే ఫోటో ఇచ్చాను. ఆయన దాన్ని చేతి దూరాన పట్టుకొని చాలాసేపు చూశాడు.

"నువ్వేది?"

"గీ చివరికున్న."

ఇంకొంచెం చూశాడు. "మంచిగున్నవ్" అన్నాడు. గోడ మీద మావాళ్ళ ఫోటోలు వరసగా ఉంటాయి, మేకు కూడా ఖాళీగా ఉంది. దాన్ని అక్కడ పెట్టలేదు. తన సందుగ తెరిచి, పొలం కాగితాల కింద పెట్టి మూత వేశాడు.

అంతే. ఒక్క ప్రశ్న లేదు. గెలిచాననుకున్నాను. మా నాయినకు నా మీద నమ్మకం, అందుకే అడగలేదు అనుకున్నాను. ఆ తృప్తి వారం పది రోజులు నిలిచింది.

కార్తీకం ముగియకముందే ఇంట్లో ఏదో మారింది. శుక్రవారం పొద్దున అవ్వ దీపం పెట్టి నన్ను పిలిచి గడపకు పసుపు రాయించేది. పిలవడం మానేసింది. తనే వంగి, నడుము పట్టుకొని రాసుకునేది. నేను పోయి గిన్నె అందుకుంటే, నీకెందుకులే బిడ్డా, నువ్వు పోయి తయారుకా అనేది. గుడికి పోయి వస్తే ప్రసాదం నా చేతిలో పెట్టేది కాదు, గూట్లో పెట్టేది, కావాలంటే తీసుకో అన్నట్టు. ఆషాఢంలో మా ఊరి బోనాలు వస్తే నాయిన ముందు రోజే, నీకు డ్యూటీ ఉంటదేమో, ఉంటె పో, పండుగ కోసం ఆగకు అన్నాడు. బతుకమ్మకూ అదే మాట. దసరాకూ అదే మాట.

మొదటిసారి ఎందుకన్నాడో తెలియక డ్యూటీకి పోయాను. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి ఆయన చెప్పకముందే నేనే డ్యూటీ వేయించుకున్నాను. నన్ను వద్దనుకునేవాళ్ళ పండుగ నాకెందుకు? ఇక క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు ఎట్లాగూ మా దవాఖానలో వాళ్ళంతా సెలవు అడుగుతారు, మిగిలేది నేనే. రెండు మతాల పండుగలకూ డ్యూటీ చేసిన మనిషి ఆ దవాఖానలో నేనొక్కదాన్నే. పండుగనాడు వార్డు సగం ఖాళీగా ఉంటుంది. మంచాల దుప్పట్లు మళ్ళీ మళ్ళీ మడత పెట్టేదాన్ని.

మా మేనత్త ఒకసారి తూప్రాన్ వైపు సంబంధం ఒకటి పట్టుకొని వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. నాయిన గొంతు వినిపించింది, "దానికి ఇప్పుడు జూడకు అక్కా." మేనత్త చాలా అడిగింది, అరిచింది కూడా, ఆయన తువ్వాల దులుపుకొని తోటకు పోయాడు. నా విషయంలో చేతులు దులుపుకున్నాడని నేను అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో నా పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. నాకు ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్ఫై. దవాఖానలో ఎవరైనా పెళ్ళెప్పుడని అడిగితే, ఇంట్లో చూస్తున్నారని చెప్పేదాన్ని.

మధ్యలో అవ్వ పోయింది. పదో రోజు ఇంటి ఆడపిల్లలు చేయవలసినవి కొన్ని ఉంటాయి. నాయిన నా దగ్గరికి వచ్చి, నీకు ఇష్టం లేకుంటె నువ్వు రాకున్న నడుస్తది అన్నాడు. నన్ను పెంచింది అవ్వ. అమ్మ పోయాక తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది అవ్వ. ఆమె పదో రోజుకు నాకు ఇష్టం లేకపోవడమేమిటి? ఎంత అసహ్యం పెట్టుకుంటే ఆ మాట అనగలడు అనుకున్నాను. పోయి చేయవలసింది చేశాను. మేనత్త నన్ను వింతగా చూసింది. నాయిన కళ్ళు తుడుచుకున్నాడు, తల్లి కోసమే అనుకున్నాను.

తర్వాత ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం. నేను వండేదాన్ని, ఆయన తినేవాడు. చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఒక్కొక్కటే రాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. మా తోట కూడా చివరికి పోయింది. తోట పోయాక ఆయనకు తువ్వాల వేసుకొని పోవడానికి చోటు లేకుండా పోయింది. రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. ఒకరికొకరం ఎదురుగానే ఉన్నాం, మాటలు మాత్రం ఉప్పూ పప్పూ దాటేవి కావు. వేరే ఊరి దవాఖానకు మారిపోదామని చాలాసార్లు అనుకున్నాను. ఆయనకు వండిపెట్టేవాళ్ళు లేరని ఆగిపోయాను. అది కూడా కోపంతోనే చేశాను, నన్ను వద్దనుకున్నా వండిపెట్టాను చూడు అని చూపించడానికి.

రెండువేల ఏడో ఎనిమిదో అయి ఉంటుంది, ఆయనకు హెర్నియా ఆపరేషన్ అవసరమైంది. మా దవాఖానకే తీసుకొచ్చాను. పెద్ద కష్టమేమీ కాదు, రోజుకు రెండు మూడు చేసేవాళ్ళు. ఆయన మాత్రం భయపడ్డాడు. మధ్యాహ్నం ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు ఆకుపచ్చ గౌను తొడిగి పడుకోబెట్టాను. కిటికీ పక్క మంచం. బయట జీడిమెట్ల వైపు పోయే లారీల మోత. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

"మీ దేవునికి ఒక్కమాట జెప్పుకో బిడ్డా. నా కోసమని గాదు, నీ మనసు నిమ్మలంగ ఉంటది."

"మా దేవుడేంది నాయినా?"

"గదే, మీ ప్రార్థన. ఇప్పుడన్న నా ముందట జేసుకో. నేనేమనుకోను. నువ్వు కలిసినవని నాకెప్పటిసందో ఎరుకనే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను ఎందులోనూ కలవలేదని చెప్పాను. ఒకసారి చెప్తే ఆయన నమ్మలేదు. ఆపరేషన్ ముందర తనను సముదాయిస్తున్నాననుకున్నాడు. మళ్ళీ చెప్పాను. బొట్టు పోయిన సంగతి, గుడ్డ బిగించినామె సంగతి, అంతా చెప్పాను. ఆయన కప్పు వైపు చూస్తూ విన్నాడు. డార్జిలింగ్ నుంచి వచ్చిన రోజు నేను బువ్వ ముందు కూర్చొని కళ్ళు మూసుకున్నానట. మూడు వారాల అలవాటు, నాకు తెలియకుండానే కొన్నాళ్ళు మిగిలిపోయి ఉంటుంది. నేను కళ్ళు తెరిచేదాకా ఆయన కూడా చెయ్యి కడుక్కొని పళ్ళెం ముందు అట్లాగే ఆగేవాడట. నేను ఇరవై లెక్కపెట్టుకున్నది ఆయన ప్రార్థన అనుకున్నాడు.

మరి రోజూ బొట్టు పెట్టుకునే పోతున్నాను కదా అని అడిగాను. మా పరువు కోసం పెట్టుకుంటున్నవనుకున్న, పాపమనిపిస్తుండె అన్నాడు. పండుగలకు పొమ్మన్నది కూడా అందుకే. ఇంట్లో ఉంటే పూజ కాడ నిలబడాల్సి వస్తుంది, వద్దనలేక బాధపడతానని. గడపకు పసుపు రాయించొద్దని అవ్వకు చెప్పింది కూడా ఆయనే. బిడ్డను ఇరుకున పెట్టొద్దు, దాని ఇష్టం దానిది అని తల్లికీ కొడుకుకూ మాటయిందట. చుట్టాలెవరూ నన్ను ఒక్క మాట అనకుండా చూసుకున్నాడు. పదో రోజు నాడు నేను వచ్చి చేసినందుకు ఏడ్చాడట, నా దేవుణ్ణి పక్కన పెట్టి అవ్వ కోసం వచ్చానని.

"ఒక్కసారి అడగకపోతివి నాయినా."

"అడిగితె నాతోని అబద్ధం జెప్పాల్సొస్తుండె నీకు. నీ నోట అబద్ధమెందుకు జెప్పియ్యాలె?"

లారీలు పోతూనే ఉన్నాయి. ఆపరేషన్ గది నుంచి పిలుపు వచ్చింది, రెండు నిమిషాలన్నాను. ఇంకొక్కటి అడగాలి. అడగడం మా ఇంటివాళ్ళకు రాదు, అయినా అడిగాను.

"గందుకేనా నా పెండ్లి మాట ఎత్తలే?"

ఆయన నా చెయ్యి వదల్లేదు.

"మనోల్లల్ల జూస్తె నీకు గోసైతదనుకున్న. మీ వాళ్లల్ల ఎవలన్న ఉంటె నువ్వే తోల్కొస్తవని ఇన్నేండ్లు ఎదురుసూసిన బిడ్డా."

నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. స్ట్రెచర్ వచ్చింది. ఆయన తలకు గుడ్డ టోపీ పెట్టి, పక్కన నడుస్తూ ఆపరేషన్ గది తలుపు దాకా వెళ్ళాను. తలుపు మూసుకున్నాక అక్కడి బెంచీ మీద కూర్చుంటే ఒకటి గుర్తుకొచ్చింది. అన్నేళ్ళూ నేను డ్యూటీ దిగి ఇంటికి వచ్చి గేటు తీసినప్పుడల్లా ఆయన అరుగు మీద నుంచి నా ముఖం వైపు చూసేవాడు కాదు, నా వెనక రోడ్డు వైపు చూసేవాడు. నా ముఖం చూడడం ఇష్టం లేకనే అట్లా చూస్తాడని నేను గేటు గట్టిగా వేసేదాన్ని.